పథ్యం ఒక్కరికేనా?

‘‘ఒక్క ముక్క తింటే ఏం కాదులే పిన్నిగారూ, అమ్మవారి ప్రసాదం!’’

‘‘అమ్మో, మీకు షుగర్ కదండీ... అది ముట్టుకోకండి!’’

శ్రావణ శుక్రవారం పేరంటంలో ఐదు నిమిషాల తేడాలో ఒకే మనిషితో ఇద్దరన్న మాటలివి. మొదటావిడది ప్రేమే. రెండో ఆవిడదీ ప్రేమే. మధ్యలో బూరెలున్న ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం తిననూ లేకపోయింది, కింద పెట్టనూ లేకపోయింది. అందరి చూపులూ ఆ ప్లేటు మీదే మరి! ఆ మనిషి మా అత్తగారు.

షుగరున్న వాళ్ళు పథ్యం సరిగ్గా చెయ్యకపోతే ‘నోరు కట్టుకోలేరు’ అనేస్తాం. కానీ ఏం తినాలో, ఏం తినకూడదో వాళ్ళలో చాలామందికి మనకంటే బాగా తెలుసు. తెలిసింది ఆచరణలో పెట్టాలంటే నాలుక ఒక్కటి మాట వింటే చాలదు. మనసు సహకరించాలి, ఇల్లు సహకరించాలి, చుట్టాలూ పక్కాలూ సహకరించాలి. 2008 నుంచి 2020 వరకు దేశమంతటా జరిగి, 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. దాని గుమ్మం దాకా వచ్చినవాళ్ళు మరో 13 కోట్ల 60 లక్షలు. అంటే ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదన్నమాట!

వత్తుల డబ్బాలో అరిసెలు

అత్తయ్యకి అరవై ఒకటో ఏట షుగర్ బయటపడింది. డాక్టరుగారిచ్చిన డైట్ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఆ రోజు నుంచీ నేను కాపలా మొదలుపెట్టాను. ఆవిడ కంచంలో అన్నం కప్పుతో కొలిచి పెట్టేదాన్ని. పంచదార డబ్బా పై అరలోకి ఎక్కించేశాను. మేమంతా దుంపల వేపుడు తింటుంటే ఆవిడకి మాత్రం ఉడకబెట్టిన సొరకాయ! అదంతా సేవ అనే అనుకున్నాను సుమండీ.

ఓ సంక్రాంతికి పూజగది సర్దుతుంటే వత్తుల డబ్బాలో కాగితంలో చుట్టిన రెండు అరిసెలు కనిపించాయి. పండక్కొచ్చిన మా ఆడపడుచు ముందే, ‘‘చిన్నపిల్లలా ఇదేం పనండీ అత్తయ్యా!’’ అనేశాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. వంటింట్లోంచి కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

ఆ తర్వాత నా ఎదుట ఒక్క మెతుకు ఎక్కువ తినలేదు. నేను గెలిచాననుకున్నాను. తీరా మూడు నెలలకి చేయించిన హెచ్‌బీఏ1సీ పరీక్షలో (రెండు మూడు నెలల సగటు చక్కెర తెలిపే పరీక్ష అది) 7.8 ఉన్నది కాస్తా 9.1 అయి కూర్చుంది! తిండి తగ్గలేదు, నా కళ్ళముందు నుంచి తప్పుకుందంతే.

అసలు దెబ్బ కార్తీక సోమవారం నాడు తగిలింది. అత్తయ్య పొద్దున్నే టాబ్లెట్ వేసుకుని, నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం ఉందామనుకున్నారు. నాతో చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు! మీటరు పెట్టి చూస్తే 52. 70 కన్నా తగ్గితేనే ప్రమాదమంటారు. గబగబా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 84కి వచ్చింది. స్పృహలో ఉన్నారు కాబట్టి తాగించగలిగాం. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పొయ్యకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే.

మర్నాడు డాక్టరుగారు, ‘‘ఉపవాసం సంగతి ముందే చెబితే మందు మార్చేవాణ్ణి కదమ్మా, ఎందుకు చెప్పలేదు?’’ అని అడిగారు.

‘‘చెబితే తిడుతుందని...’’ అని అత్తయ్య నావంక చూశారు.

ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. చిన్నపిల్లలు అమ్మకి భయపడి చూసే చూపు అది. అరవై దాటిన మనిషిని ఆ స్థితికి తెచ్చింది షుగరు కాదు, నేను.

మనసుకీ ఉంటుంది భారం

అమెరికాలో మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు 1995లో షుగరున్నవాళ్ళ మనోభారం కొలవడానికి ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించారు. అస్తమానం తిండి గురించే ఆలోచించాల్సి రావడం, ఇష్టమైనవి దూరమయ్యాయన్న బెంగ, పథ్యం తప్పినప్పుడు తప్పు చేసిన భావన, ఏం తినాలో పదిమందీ చెబుతుంటే కలిగే ఇబ్బంది... ఇవన్నీ అందులో ఉన్నాయి. మా అత్తయ్య మనసులో మాటలు ఎవరో విని రాసినట్టు లేదూ!

ఇంకో చిక్కుంది. ‘ఎలాగూ ఓ లడ్డూ తినేశాను, ఈ రోజుకి పథ్యం పోయినట్టే’ అనుకుని మిగతా రోజంతా ఇష్టారాజ్యంగా తినేయడం. పథ్యాన్ని నోములా చూస్తే వచ్చే తంటా ఇది. నోముకి ఉద్యాపన ఉంటుంది గానీ షుగరుకి లేదు కదా! ఒక పూట తప్పితే మరుసటి పూట సర్దుకోవడమే.

మరి ఇల్లాలికి వస్తే?

మా పక్కింటావిడ సంగతి చెప్పాలి. వాళ్ళాయనకి షుగరొస్తే రెండుపూటలా వేడివేడి పుల్కాలు, ఆకుకూర పప్పు, వేళకి మజ్జిగ అమర్చారు. రెండేళ్ళకి ఆవిడకీ షుగరొచ్చింది. ఆవిడేం తింటున్నారో తెలుసా? పిల్లలు వదిలేసిన ఇడ్లీలు, పారెయ్యలేక గిన్నె అడుగున మిగిలిన అన్నం. అదీ మధ్యాహ్నం మూడింటికి, అందరి భోజనాలూ అయ్యాక! ‘‘నా ఒక్కదాని కోసం వేరే వంటేమిటండీ’’ అంటారు. మగవాడికి జబ్బు చేస్తే వంట మారుతుంది. ఇల్లాలికి చేస్తే ఆవిడే సర్దుకోవాలి. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి!

టాబ్లెట్ వేసుకుని వేళకి తినకపోతే చక్కెర పడిపోవచ్చు. ఆకలి మీద మిగిలిందంతా తినేస్తే అమాంతం పెరుగుతుంది. అందరి తర్వాత తినడం త్యాగమని మనం నేర్చుకున్నాం గానీ షుగరుకి ఆ సంగతి తెలీదు.

వంట ఒకటే చేద్దాం

మా ఇంట్లో మొదట మారింది ఫ్రిజ్ మీద కాగితం కాదు, మా అందరి కంచాలు. కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ చెబుతోంది. అంటే అత్తయ్య పథ్యం నిజానికి మా అందరి భోజనమే! దుంపల వేపుడు వారానికోసారికి తగ్గింది. కూర, పప్పు ఎక్కువ, అన్నం తక్కువ. మొదట్లో మావారూ పిల్లలూ మూతులు ముడిచారు లెండి.

‘చపాతీ అయితే ఎన్నైనా తినొచ్చు’, ‘రాగిజావ ఎంతైనా తాగొచ్చు’ అన్న భ్రమలూ వదిలించుకున్నాం. గోధుమైనా, రాగులైనా పిండిపదార్థమే, లెక్క ఉండాల్సిందే. ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా డాక్టరుతో మాట్లాడుతున్నాం. పేరంటాల్లో అత్తయ్య నవ్వుతూ, ‘‘పొట్లం కట్టివ్వమ్మా, ఇంటికెళ్ళి తింటా’’ అంటున్నారు. పెట్టినవాళ్ళకి చిన్నతనం లేదు, తినేవాళ్ళకి పదిమంది చూపులూ లేవు. ఇక మనం పెట్టేవాళ్ళమైతే, ‘మీకేం పెట్టమంటారు?’ అని మెల్లగా అడిగితే చాలు. వద్దన్న వాళ్ళని బలవంతపెట్టొద్దు, తింటున్న వాళ్ళని నలుగురిలో ఆపొద్దు.

అన్నిటికన్నా కష్టమైంది నా నోరు కట్టుకోవడం! ‘‘ఎందుకు తిన్నారు?’’ అనే మాట మానేసి, ‘‘ఇవాళ ఎలా ఉంది అత్తయ్యా?’’ అనడం అలవాటు చేసుకున్నాను. కిందటిసారి పరీక్షలో 7.4 వచ్చింది. అద్భుతమేమీ కాదు. కానీ ఇంట్లో దాపరికం పోయింది.

మొన్న సంక్రాంతికి అత్తయ్యే అరిసెల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ‘‘అమ్మాయ్, భోజనంలో అన్నం తగ్గించాను. ఒకటి విరిచి చెరిసగం తిందామా?’’ అన్నారు.

తిన్నాం. అందరి ముందూ, హాల్లో కూర్చుని.