కార్డులన్నిటికీ వెన్నెముక బ్యాక్‌ప్లేన్.. ఒక్క పిన్ను వంగినా పెట్టె మొత్తం ఆగిపోవచ్చు

సెల్‌ఫోన్ రిపేరు షాపులో కూర్చునే కుర్రాడిని అడిగినా మదర్‌బోర్డు అంటే ఏంటో టక్కున చెప్తాడు. బ్యాక్‌ప్లేన్ అనే మాట మాత్రం చాలామంది విని ఉండరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, ఇంటర్నెట్ కంపెనీల పెద్ద రౌటర్లు, బ్యాంకుల సర్వర్లు, ఫ్యాక్టరీల్లో మెషీన్లను నడిపే పీఎల్‌సీలు.. వీటిలో చాలావాటికి ఆధారం అదే. డిప్లొమా, ఐటీఐ చదివి సర్వర్, నెట్‌వర్క్ పనుల్లోకి వెళ్లే పిల్లలు దీన్ని మొదట్లోనే తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే కార్డు పాడైతే కార్డు మారిస్తే సరిపోతుంది. బ్యాక్‌ప్లేన్ పాడైతే మాత్రం చాలాసార్లు పెట్టె మొత్తం ఆపాల్సి వస్తుంది.

అసలు ఏంటిది?

పెద్ద రౌటర్ ముందు భాగంలో పుస్తకాల అరలో పుస్తకాలు పెట్టినట్టు కార్డులు నిలువుగానో అడ్డంగానో వరసగా ఉంటాయి. ఒక కార్డును బయటికి లాగి లోపలికి చూస్తే వెనక గోడలా ఒక మందపాటి బోర్డు కనిపిస్తుంది. దాని నిండా కనెక్టర్లు ఉంటాయి. అదే బ్యాక్‌ప్లేన్. కార్డు పట్టాల మీద జారుకుంటూ వెళ్లి ఆ కనెక్టర్‌లో కూర్చుంటుంది. అక్కడి నుంచే దానికి కరెంటు అందుతుంది, మిగతా కార్డులతో మాట్లాడే దారీ దొరుకుతుంది.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్, మెమరీ లాంటివి ఉంటాయి. బ్యాక్‌ప్లేన్ మీద చాలాసార్లు రాగి గీతలు, కనెక్టర్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. దీన్ని పాసివ్ బ్యాక్‌ప్లేన్ అంటారు. చిప్‌లు లేవు కాబట్టి చెడిపోయే అవకాశమూ తక్కువ. సిగ్నల్‌కు బలమిచ్చే చిప్‌లు పెడితే అది యాక్టివ్ బ్యాక్‌ప్లేన్. ముందూ వెనకా రెండు వైపులా కార్డులు పెట్టేలా మధ్యలో నిలబెడితే మిడ్‌ప్లేన్ అంటారు.

వైర్ల చిక్కు పోయిందిలా

పది కార్డుల్లో ప్రతి ఒక్కదాన్నీ మిగతా అన్నిటితో విడివిడిగా కలపాలంటే 45 జతలు అవుతాయి. ఒక్కో జతకు పదుల కొద్దీ వైర్లు. పాత కంప్యూటర్లలో వెనక పిన్నుల చుట్టూ సన్నని వైర్లు చుట్టి ఈ పని చేసేవారు. ఒక్క వైరు తప్పు పిన్నుకు చుట్టినా వెతికి పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చేది. అచ్చు బోర్డు వచ్చాక ఆ చిక్కు తీరింది.

1975లో అమెరికాలో వచ్చిన ఆల్టెయిర్ 8800 కంప్యూటర్‌లో 100 పిన్నుల కనెక్టర్లు వాడారు. వేరే కంపెనీలు కూడా దానికి సరిపోయే కార్డులు తయారు చేసి అమ్మాయి. అలా ఎస్-100 బస్ పుట్టింది. 1981లో వచ్చిన వీఎంఈ బస్ ఫ్యాక్టరీలు, ల్యాబ్‌లు, రక్షణ పరికరాల్లో ఏళ్ల తరబడి నడిచింది. స్లాట్ కొలత, పిన్నుల వరస అందరికీ ఒకటే అయితే కార్డు ఎవరిదైనా పని జరుగుతుంది. కొనేవాడికి లాభం అక్కడే.

ఒకే రోడ్డా, విడి రోడ్లా?

పాత పద్ధతిలో కార్డులన్నీ ఒకే గీతలను పంచుకునేవి. ఒక కార్డు మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. ఇప్పుడు స్పీడు కావాలి కాబట్టి ప్రతి కార్డు నుంచి మధ్యలోని స్విచ్ కార్డుకు విడిగా గీతలు వేస్తున్నారు. ముఖ్యమైన పరికరాల్లో స్విచ్ కార్డులు రెండు ఉంటాయి. ఒకటి పోతే రెండోది పని అందుకుంటుంది.

ఈ స్పీడులో రాగి గీత పొడవుకూ లెక్క ఉంటుంది. మామూలు బోర్డులో సిగ్నల్ ఒక నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు వెళ్తుంది. సెకనుకు 10 గిగాబిట్లు పంపితే ఒక్కో బిట్‌కు దొరికే జాగా ఒకటిన్నర సెంటీమీటరే. అందుకే జంట గీతల పొడవు సమానంగా ఉంచుతారు. రంధ్రాల్లో మిగిలిపోయిన రాగి ముక్క సిగ్నల్‌ను వెనక్కి కొట్టకుండా వెనక నుంచి డ్రిల్ చేసి తీసేస్తారు. ఇలాంటి బోర్డుల్లో 20కి పైగా పొరలు ఉండడం మామూలే.

కరెంటు ఉండగానే మార్చొచ్చా?

హాట్ స్వాప్ సౌకర్యం ఉంటేనే మార్చాలి. అలాంటి కనెక్టర్లలో కొన్ని పిన్నులు కాస్త పొడవు, కొన్ని పొట్టి. కార్డు లోపలికి వెళ్తుంటే ముందు గ్రౌండ్, తర్వాత కరెంటు, చివరికి డేటా పిన్నులు తగులుతాయి. ఆ సౌకర్యం లేని కార్డును కరెంటు ఉండగా లాగితే కార్డుతో పాటు పక్కవాటికీ ముప్పే.

పనిలో గుర్తుంచుకోవాల్సినవి

కార్డు బిగుసుకుంటే బలంగా నెట్టొద్దు. బయటికి తీసి టార్చి వేసి పిన్నులు చూడాలి. చాలా డిజైన్లలో పిన్నులు బ్యాక్‌ప్లేన్ మీదే ఉంటాయి. వంగిన పిన్ను పక్కదానికి తగిలితే మంచి కార్డు కూడా కాలిపోవచ్చు.

కొత్త కార్డు పెట్టినా అదే స్లాట్ పనిచేయడం లేదు, పాత కార్డు పక్క స్లాట్‌లో బాగానే ఉంది అంటే అనుమానించాల్సింది కార్డును కాదు, స్లాట్‌ను. ఈ చిన్న పరీక్ష చేయకుండా కార్డు మీద కార్డు కొనడం డబ్బు దండగ.

అన్నిటికంటే ముఖ్యమైనది హార్డ్‌డిస్కుల విషయం. సర్వర్‌లో డిస్కులు కూడా చిన్న బ్యాక్‌ప్లేన్‌కే తగులుతాయి. మూడు నాలుగు డిస్కులు ఒకేసారి కనిపించకుండా పోతే అన్నీ ఒకే నిమిషంలో చచ్చిపోయాయని అనుకోవద్దు. బ్యాక్‌ప్లేన్‌కు వచ్చే కరెంటు, కేబుల్ ముందు చూడాలి. కంగారులో డిస్కులు అటూ ఇటూ మార్చి రెయిడ్‌ను కొత్తగా తయారు చేస్తే స్కూలు రికార్డులైనా, దుకాణం లెక్కలైనా తిరిగి రాకపోవచ్చు. ఏ డిస్కు ఏ స్లాట్‌లో ఉందో రాసిపెట్టుకున్నాకే దేనిమీదైనా చెయ్యి వేయాలి.