తొమ్మిది మెట్ల పాఠం

పిల్లలూ! మీకొక చిన్న లెక్క ఇస్తాను. అన్నానికి కూర్చునే ముందు మీరు చేతులు కడుక్కుంటారు గదా? అది ఎన్ని పనులు?

"ఇదేం లెక్క మాస్టారూ, ఒక్కటే పని!" అంటారు మీరు. అయితే వ్రేళ్ళు మడుస్తూ నాతోపాటు లెక్కపెట్టండి. నల్లా దగ్గరకు వెళ్ళాలి. నల్లా త్రిప్పాలి. చేతులు తడపాలి. సబ్బు తీసుకోవాలి. అరచేతులు రుద్దాలి. వ్రేళ్ళ సందులు, చేతుల వెనుక రుద్దాలి. నురుగు పోయేదాకా కడగాలి. నల్లా కట్టాలి. తువ్వాలుతో తుడుచుకోవాలి. ఎన్నయినాయి? తొమ్మిది! చిన్నప్పుడు మీ అమ్మ ఈ తొమ్మిదీ మీ చేత చేయించింది. మీరు త్వరగా నేర్చుకొని, నేర్చుకొన్న సంగతే మరచిపోయారు. కాని ఈ తొమ్మిది మెట్లలో ఒక్కొక్క మెట్టు ఎక్కడానికి ఒక నెల పట్టే పిల్లలు కూడా ఉన్నారు. ఈ నెల వారిని గురించి, వారి చదువును గురించి చెబుతాను.

నాది ధర్మపురి. గోదావరి ఇక్కడ దక్షిణంగా తిరిగి ప్రవహిస్తుంది. నరసింహస్వామి జాతరకు మీలో కొందరు వచ్చే ఉంటారు. పూర్వం మా ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 నుండి జగిత్యాల జిల్లాలో ఉన్నది. నేను హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాక, వారానికి మూడు పూటలు మా ప్రాంతపు భవిత కేంద్రానికి వెళుతున్నాను. జీతం లేదు, హాజరు పట్టీ లేదు. ఇలా ఇష్టపడి చేసే వారిని స్వచ్ఛంద సేవకులు అంటారు.

భవిత కేంద్రం అంటే ఏమిటో తెలుసునా? కొందరు పిల్లలకు చూపు ఉండదు. కొందరికి వినబడదు. కొందరికి కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు. కొందరికి బుద్ధి మెల్లగా ఎదుగుతుంది. ఇటువంటి పిల్లలకోసం సమగ్ర శిక్ష పథకం క్రింద నడిచే కేంద్రాలివి. ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఇక్కడ పాఠం చెబుతారు. కండరాలకు కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టు వస్తాడు. మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు టీచర్లే వెళతారు. నాబోటివాళ్ళం వారికి చేదోడు వాదోడుగా ఉంటాము.

ఇక్కడి పిల్లవాడొకని కథ చెబుతాను. అసలు పేరు చెప్పను. ‘చిన్నోడు’ అందాము. వయస్సు పన్నెండు. బుద్ధి మాత్రం మూడు నాలుగేళ్ళ పిల్లవాని వలె ఉంటుంది. తండ్రి మస్కట్‌లో కూలిపని చేస్తాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. చుట్టిన బీడీలు కార్ఖానాలో ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడల్లా ఆమె చిన్నోణ్ణి ఇంట్లో ఉంచి బయట గొళ్ళెం పెట్టేది. కసితో కాదు, భయంతో. స్నానానికి నీళ్ళు కాగుతుంటే వాడు పొయ్యిలో చెయ్యి పెట్టేవాడు. ఒంటిమీద బట్ట లేకుండా వీధిలోకి పోయేవాడు.

ఆమె మొదటిరోజున మాతో అన్న మాట ఇది: "సారూ, వీనికి పెద్ద సదువు వద్దు. నేను లేని గడియసేపు వీని పని వీడు చేసుకుంటె సాలు."

మా టీచరమ్మ పుస్తకం తెరవలేదు. ఐదు గుండీల చొక్కా ఒకటి తీసింది. ఆమె పాఠం చెప్పిన తీరు చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మొదటి గుండీతో మొదలుపెట్టలేదు, చివరి దానితో మొదలుపెట్టింది! చొక్కా తొడిగి, నాలుగు గుండీలు తానే పెట్టింది. ఐదవది సగం దూర్చి, మిగతాది చిన్నోడిచేత లాగించింది. గుండీ బయటికి రాగానే "శభాష్! చొక్కా వేసుకున్నావు!" అని చప్పట్లు కొట్టింది.

ఎందుకు ఇలా? మొదటి గుండీ పెట్టినవానికి ఇంకా నాలుగు మిగిలే ఉంటాయి. చివరి గుండీ పెట్టినవానికి పని పూర్తవుతుంది. పని పూర్తిచేసిన సంతోషం వానికి దక్కుతుంది. రేపు మళ్ళీ చేయాలనిపిస్తుంది. అది బాగా వచ్చాక చివరి రెండు గుండీలు, తరువాత చివరి మూడు. ఇలా వెనుకనుండి ముందుకు నేర్పుతారు. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయడం, ఒక్కొక్క మెట్టునూ విడిగా నేర్పడం, ఇదే ఈ చదువులోని కీలకం. బుద్ధి మెల్లగా ఎదిగే పిల్లల కోసం సికింద్రాబాదులో 1984లో ఒక జాతీయ సంస్థ నెలకొన్నది. టీచర్లకు ఇటువంటి పద్ధతులు నేర్పడం దాని పనులలో ఒకటి.

చిన్నోడికి ఆ ఒక్క గుండీ పదహారు దినాలు పట్టింది. ఐదు గుండీలకు ఐదు నెలలు. ఐదూ పెట్టుకున్ననాడు తల్లి ఫోనులో మస్కట్‌కు చూపించింది. తండ్రి ఏమీ మాట్లాడలేదు. "ఇంకోపారి సూపియ్యి" అన్నాడు, అంతే. చిన్నోడు చొక్కా విప్పి మళ్ళీ మొదటినుండి వేసుకున్నాడు.

ఇక చూపులేని పిల్లలు ఎలా చదువుతారో చూడండి. ఫ్రాన్సు దేశంలో కూప్‌వ్రే అనే ఊళ్ళో 1809లో లూయీ బ్రెయిల్ పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళప్పుడు లూయీ తోలు గుచ్చే ఆరెతో ఆడుతుండగా అది కంటికి తగిలింది. ఆ గాయం ముదిరి రెండు కళ్ళూ పోయాయి. ఆ పిల్లవాడే పదిహేనవ ఏట, 1824లో, వ్రేలితో తడిమి చదివే లిపిని కనిపెట్టాడు. అందులో ఉన్నవి ఆరే ఆరు చుక్కలు! వాటిని రకరకాలుగా కలిపితే 63 గుర్తులు వస్తాయి. మన దేశ భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిల్ ఏర్పడింది. తెలుగు కూడా అందులోనే వ్రాస్తారు.

కావాలంటే మీరే చేసి చూడండి. ఆరు చింతగింజలు తీసుకొని, మూడేసి చొప్పున రెండు నిలువు వరుసలుగా పేర్చండి. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఇప్పుడు ఒకటవ గింజ మాత్రం ఉంచితే అది ‘అ’. ఒకటి, రెండు, మూడు ఉంచితే ‘ల’. రెండూ ప్రక్కప్రక్కన పెడితే ‘అల’ అయింది! ఒకటి, మూడు ఉంచితే ‘క’. మరి ‘కల’ ఎలా వ్రాస్తారు? కళ్ళు మూసుకొని, వ్రేలి కొనతో తడిమి చదవండి. మొదట చిక్కదు. పది దినాలు సాధన చేస్తే చిక్కుతుంది.

వినికిడి లేని పిల్లలది ఇంకొక దారి. వారు చేతులతో, ముఖకవళికలతో మాట్లాడుకుంటారు. ఇది ఉత్త సైగ కాదు, వ్యాకరణం గల భాష. భారతీయ సంజ్ఞా భాషకు 2015లో ఢిల్లీలో పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021 నాటికి దాని నిఘంటువులో 10,000 మాటలు చేరాయి. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. పళ్ళెం క్రిందపడిన చప్పుడుకు పసిబిడ్డ ఉలిక్కిపడకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోవద్దు. వెంటనే వైద్యునికి చూపించండి. మాట నేర్చే వయస్సు మొదటి ఏళ్ళలోనే ఉన్నది. అది జారిపోతే మళ్ళీ పట్టుకోవడం కష్టం.

చూపూ, వినికిడీ రెండూ లేనివారి సంగతేమిటి? అమెరికాలో 1880లో పుట్టిన హెలెన్ కెల్లర్‌కు పందొమ్మిదవ నెలలో జబ్బుచేసి రెండూ పోయాయి. 1887 మార్చిలో ఆనీ సల్లివన్ అనే ఇరవై ఏళ్ళ టీచరు ఆమె ఇంటికి వచ్చింది. చేతిపంపు నీరు హెలెన్ ఒక చేతిమీద పడుతుండగా, రెండవ చేతిలో ‘నీరు’ అనే మాటను వ్రేళ్ళ గుర్తులతో చెప్పింది. ప్రతి వస్తువుకూ ఒక పేరున్నదని ఆ క్షణాన హెలెన్‌కు తెలిసింది. 1904లో ఆమె పట్టభద్రురాలయింది. 1955లో మన దేశానికి కూడా వచ్చింది.

ఇటువంటి పని చేయడానికి సముద్రాలు దాటినవారు కూడా ఉన్నారు. అమెరికాలో 1961లో పీస్ కోర్ అనే స్వచ్ఛంద సేవా సంస్థ ఏర్పడింది. దాని సేవకులు మొదటి సంవత్సరమే వెళ్ళిన చోట్లలో కరిబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా అనే చిన్న దీవి ఒకటి. తరువాతి కాలంలో ఆ ప్రాంతపు దీవులలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు పాఠాలు చెప్పినవారు కూడా వారిలో ఉన్నారు. మనకు అంత దూరం అక్కరలేదు. పక్క వీధి చాలు.

చిన్నోడు బడికి వచ్చేటప్పుడు వీధి పిల్లలు కొందరు వాడి నడకను అనుకరించి నవ్వేవారు. ఐదో తరగతి చదివే పొరుగింటి పిల్ల ఒకతె నవ్వడం మాని, ఒకనాడు "మామయ్యా, వాడితో ఆడాలంటే ఏం చేయాలె?" అని నన్ను అడిగింది. బంతి మెల్లగా దొర్లించమన్నాను. వాడు తిరిగి దొర్లించేదాకా మనస్సులో పది లెక్కపెట్టమన్నాను. ఆ పిల్ల పది కాదు, ఇరవై లెక్కపెట్టింది. బంతి తిరిగి వచ్చింది. మరునాడు ఆటకు ఇంకా ముగ్గురు చేరారు.

ఇప్పుడు చిన్నోడి తల్లి కార్ఖానాకు వెళ్ళేటప్పుడు గొళ్ళెం పెట్టడం లేదు. పొరుగింటివారికి చెప్పి వెళుతుంది. వాడు చొక్కా వేసుకొని గడపమీద కూర్చుంటాడు. డబ్బు లెక్క మాత్రం ఇంకా రాదు, వస్తుందో రాదో చెప్పలేము. ఒకనాడు ఆమె నన్ను అడిగింది: "నా తర్వాత వీనికి ఎవరు సారూ?"

చట్టం కొంత జవాబు చెబుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం నలభై శాతానికి తగ్గని పిల్లలకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉన్నది. ఇంటి దగ్గరి మామూలు బడిలోగాని, ప్రత్యేక బడిలోగాని చేరవచ్చును. "మీ పిల్లవాడు ఇక్కడ వద్దు" అనే అధికారం ఎవరికీ లేదు.

కాని మిగతా జవాబు చట్టంలో లేదు, మీ దగ్గర ఉన్నది. చిన్నోడు పెద్దవాడయ్యేనాటికి కిరాణా కొట్టులో కూర్చునేది మీరు. బస్సులో టిక్కెట్టు ఇచ్చేది మీరు. ఆస్పత్రిలో నాడి చూచేది మీరు. వాడు మెల్లగా మాట్లాడినప్పుడు ఆగి వినేవారు ఉంటారా, ఉండరా అన్నది ఇవాళ మీరు నేర్చుకునేదానిపై ఉన్నది. కాబట్టి ‘మొద్దు’, ‘పిచ్చి’ వంటి మాటలు మానండి. సాయం చేసే ముందు "చెయ్యనా?" అని అడగండి. వారి బదులు మీరు మాట్లాడవద్దు.

మీ వీధిలో కూడా బడికి రాని పిల్లవాడు ఒకడు ఉంటాడు. వాడు ఎవరో ఈ ఆదివారం కనుక్కోండి. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని వారింటికి వెళ్ళండి. భవిత కేంద్రం సంగతి వారికి చెప్పండి. వెళ్ళేటప్పుడు ఒక బంతి తీసుకుపోండి.