జంతు ప్రదర్శనశాలకు కుటుంబముతో ఒక రోజు

వానాకాలపు వరి కోతలు ముగిసి, ధాన్యము అమ్ముడుపోయి, యాసంగి నాట్లకు ఇంకను కొద్ది రోజుల వ్యవధి ఉన్నపుడు రైతు ఇంట ఒక కోరిక వినిపించును. పిల్లలు పులిని చూడవలెనని అడుగుదురు. పెద్దలు కూడ పైకి అనకపోయినను లోలోపల సంతోషించెదరు. ఈ కోరిక న్యాయమైనదే. ఏడాది పొడుగున పొలమును, పశువులను కనిపెట్టుకొని ఉండు కుటుంబమునకు ఒక రోజు విహారము అవసరము. అయితే నారుమడికి ఎంత ముందుచూపు కావలెనో, ఈ ఒక్క రోజుకును అంత కావలెను.

ఈ వ్యాసకర్త మొదటిసారి తన పిల్లలతో హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళినపుడు ఏ ఆలోచనయు లేక వెళ్ళెను. పదకొండు గంటలకు లోపల అడుగుపెట్టి, అన్నియు చూడవలెనను ఆత్రముతో మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరిగెను. పులి నీడలో నిద్రించుచుండెను. చిన్నవాడు భుజముపై నిద్రించుచుండెను. సాయంత్రము ఇంటికి వచ్చి “ఏమి చూచినారు?” అని అమ్మ అడుగగా పిల్లలు ఐస్‌ఫ్రూట్ సంగతి తప్ప మరొకటి చెప్పలేకపోయిరి. ఆ పొరపాటు మీరు చేయకుండుటకే ఈ నాలుగు మాటలు.

స్థలము ఎట్టిది?

ఈ ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరువబడినది. పాతబస్తీ చెంత మీర్ ఆలం చెరువును ఆనుకొని, సుమారు 380 ఎకరములలో ఉన్నది. ఆ చెరువు కట్టయు చూడదగినదే. రెండు వందల ఏండ్ల క్రిందట కట్టిన ఆ రాతికట్ట, నీటి వైపునకు వంగిన 21 విల్లుల వరుసగా ఉండి, నీటి ఒత్తిడిని ఆ వంపులతోనే ఆపుచున్నది.

380 ఎకరములనగా ఒక చిన్న గ్రామపు ఆయకట్టు. దానినంతటిని పిల్లలతో కాలినడకన ఒక్క రోజున చూచుట సాధ్యము కాదు. కావున ముందుగనే ఐదారు జంతువులను ఎంచుకొనుడు. లోపల తిరుగుటకు బ్యాటరీ బండ్లు కలవు. ముసలివారికి, పసిపిల్లలకు వాటి టిక్కెట్టు కొనుట దుబారా కాదు.

ఎప్పుడు, ఎట్లు వెళ్ళవలెను?

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలము. సోమవారము సెలవు. సంక్రాంతి, ఆదివారములలో జనసమ్మర్దము ఎక్కువ. మంగళవారము మొదలు శుక్రవారము లోపల ఒక రోజును ఎంచుకొనుట మేలు. ఉదయము తలుపులు తెరచు వేళకు అక్కడ ఉండవలెను. మీ ఎద్దు మధ్యాహ్నము చెట్టు నీడన పండుకొని నెమరు వేసినట్లే, పులియు సింహమును ఎండ ముదిరిన తరువాత కదలవు. ఉదయము మొదటి రెండు గంటలలో కనిపించినంత చలాకీతనము తరువాత కనిపించదు.

మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగినవారికి ఈ స్థలము ఎక్కువ దూరము కాదు. బహదూర్‌పురా వైపు పోవు సిటీ బస్సులు గాని, ఆటోలు గాని దొరకును.

బయలుదేరు ముందు ఇంటి పశువుల ఏర్పాటు చూడుడు. పాలు పితుకు వేళ తప్పిన గేదె మరునాడు పాలు తగ్గించును. పొరుగువారికి ముందు రోజుననే మేత, కుడితి, నీరు చూపి అప్పగింపుడు. వారు వెళ్ళు రోజున మీరు వారి పశువులను చూడవచ్చును.

పులిహోర, దద్ధ్యోదనము వంటివి స్టీలు గిన్నెలలో పెట్టుకొనుడు. నీరు స్టీలు సీసాలలో తీసుకొనుడు. ప్లాస్టిక్ సంచులు వలదు. ప్రతి పిల్లవాని జేబులో పేరు, ఊరు, తండ్రి ఫోను నంబరు వ్రాసిన కాగితము ఉంచుడు. తప్పిపోయిన యెడల కలుసుకొనుటకు ఒక గుర్తును, ప్రధాన ద్వారము వంటి దానిని, ముందుగనే అందరికి చూపుడు. గ్రామము తరఫున బస్సులో బడిపిల్లలను తీసుకొని వెళ్ళు గ్రామాధికారులు పదిమంది పిల్లలకు ఒక పెద్దను నియమించి, ఎక్కునపుడును దిగునపుడును లెక్క చూడవలెను.

రైతు కంటితో ఏమి చూడవలెను?

పట్టణపువాడు పులిని మాత్రమే చూచును. రైతు చూడదగినవి ఇంకను ఉన్నవి.

మొదట అడవిదున్న. పేరు దున్నయే గాని ఇది గేదె జాతి కాదు, ఆవు జాతికి దగ్గర. మోకాళ్ళ క్రింద తెల్లని మేజోళ్ళు తొడిగినట్లుండును. పెద్ద మగది ఒక టన్ను వరకు తూగవచ్చును. మీ కోడెకును దానికిని మూపురములో, కొమ్ములలో గల పోలికలను పిల్లల చేతనే చెప్పింపుడు.

తరువాత దుప్పి, కృష్ణజింక. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు; కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. రెండింటికిని గల భేదము కొమ్ములలో ఉన్నది. మగ దుప్పి కొమ్ములు శాఖలుగా పెరిగి, రాలి, మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు ఆవు కొమ్ముల వలె జీవితాంతము ఉండును.

మూడవది నిశాచర జంతువుల గృహము. ఇందులో పగటివేళ చీకటిని, రాత్రివేళ వెలుతురును కల్పింతురు. అందుచేత రాత్రి తిరుగు జంతువులు మనము చూచు వేళకు మేలుకొని ఉండును. గబ్బిలములు, పునుగుపిల్లి, దేవాంగ పిల్లి, గుడ్లగూబలు ఇచట కనిపించును. ఇంటిమీద గుడ్లగూబ వాలిన అశుభమని రాళ్ళు రువ్వు అలవాటు మనలో కలదు. అది రాత్రులందు పట్టునది మీ ధాన్యము తిను ఎలుకలను. కూలి అడుగని కాపలాదారును రాళ్ళతో కొట్టవచ్చునా?

చేయరాని పనులు

జంతువులకు తిండి పెట్టరాదు. అరచుట, రాళ్ళు విసరుట, చెత్త పారవేయుట కూడ వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములే. చట్టము మాట అటుంచి, కారణము మీకు సులభముగా బోధపడును. దుప్పి కూడ ఆవు వలె నెమరు వేయునది. దాని పొట్టయు నాలుగు అరలది. ఆవు ధాన్యపు కుప్పపై పడి తిన్న రాత్రి ఏమగునో మీరెరుగుదురు. ప్లాస్టిక్ సంచి మింగిన గేదె ఎట్లు కృశించునో చూచి ఉందురు. మీ పిల్లవాడు ప్రేమతో విసరిన బిస్కట్టు పొట్లము ఆ దుప్పికి అదే చేయును.

మరియొక ముఖ్య విషయము. మీ కొట్టములో గాలికుంటు వ్యాధి ఉన్న యెడల ప్రయాణము వాయిదా వేయుడు. చీలిన గిట్టలు గల అడవి జంతువులకును ఇది సోకును. ఆ వ్యాధి క్రిమి చెప్పులతో, బట్టలతో కూడ ప్రయాణము చేయును. వ్యాధి లేకున్నను, కొట్టములో వాడు చెప్పులతో గాక వేరు చెప్పులతో వెళ్ళుట మంచిది. ఇంటిలో దగ్గు, జ్వరము ఉన్నవారును ఆగిపోవలెను. 2021 మే నెలలో ఈ ప్రదర్శనశాలలోనే 8 ఆసియా సింహములకు కరోనా సోకినట్లు తేలినది. అవి తరువాత కోలుకొన్నవి. వ్యాధి మనిషి నుండి జంతువునకు కూడ పోవునని అందరును గ్రహించిరి.

ఇంటికి తీసుకొని రావలసినది

ఈ ప్రదర్శనశాలలో రాబందుల సంరక్షణ, ప్రజనన కేంద్రము కూడ నెలకొల్పబడినది. మీ తాతల కాలమున ఊరి బయట చచ్చిన ఎద్దును పడవేసినచో కొద్ది గంటలలో రాబందులు ఎముకలు మిగిల్చెడివి. 1990 తరువాత కొద్ది ఏండ్లలో అవి దేశమంతట మాయమైనవి. కొన్ని జాతులలో నూటికి 97 పాళ్ళకు మించి నశించినవి. కారణము వేట కాదు. పశువుల నొప్పికి, జ్వరమునకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు వేసిన కొలది రోజులలో చచ్చిన పశువును తిన్న రాబందులకు మూత్రపిండములు చెడి, అవి చనిపోయినవి. ఊళ్ళలో కళేబరములు కుళ్ళినవి, కుక్కలు పెరిగినవి, కుక్కకాటు భయమును పెరిగినది.

2006లో ప్రభుత్వము పశువులకు ఈ మందును నిషేధించినది. 2023లో కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ మందులను కూడ పశువులకు నిషేధించినది. మనుషుల కొరకైన డైక్లోఫెనాక్ సూదిమందును పశువులకు వేయించుట కూడ తప్పే. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వంటి మందు ఉన్నది. మీ పశువునకు నొప్పి వచ్చినపుడు పశువైద్యుని ఆ మందునే అడుగుడు.

సాయంత్రము బస్సులో పిల్లలు నిద్రపోవు ముందు “ఏమి చూచినారు?” అని మీరే అడుగుడు. అడవిదున్న ఆవుకు చుట్టమని, గుడ్లగూబ మన పొలము కాపలాదారు అని, రాబందు బ్రతుకు మన కొట్టములోని మందు సీసాపై ఆధారపడి ఉన్నదని వారు చెప్పగలిగిన యెడల, ఆ రోజుకు పెట్టిన ఖర్చు వృథా కాలేదు.