గురు శనుల యుతి: బస్తర్ చెప్పే సాక్ష్యం

బస్తర్‌లో చిత్రకోట్ జలపాతానికి చేరువలో నారాయణపాల్ అనే ఊరుంది. అక్కడి విష్ణ్వాలయంలో ఒక సంస్కృత శిలాశాసనం ఉంది. వేయించింది ఛిందక నాగవంశపు రాణి గుండ మహాదేవి. ధారావర్షుడి పట్టమహిషి, సోమేశ్వరుడి తల్లి. ఊరిని స్వామికి రాసిచ్చిన రోజు శక సంవత్సరం 1033, ఖర నామ సంవత్సరం, కార్తీక పూర్ణిమ, బుధవారం. జూలియన్ కేలండర్ లెక్కకు అది క్రీ.శ. 1111 అక్టోబర్ 18. గణితం వేసి వెనక్కి వెళ్తే ఆ రోజు బుధవారమే వస్తుంది, చంద్రుడూ పూర్ణిమ దగ్గరే ఉంటాడు.

మన పంచాంగంలో 2011-12 కూడా ఖరే. మధ్యలో సరిగ్గా 900 ఏళ్లు, అంటే సంవత్సరాల పేర్లు తిరిగే అరవై ఏళ్ల చక్రాలు పదిహేను. ఉత్తరాది లెక్కతో చూస్తే ఈ పేరు కుదరదు. అక్కడ గురుడి నడకను వదలకుండా పట్టుకుని సుమారు 85 ఏళ్లకు ఒక సంవత్సరం పేరును దాటేస్తారు. దక్షిణాదిన ఆ దాటవేత పదో శతాబ్దానికే ఆగిపోయింది. అంటే నాటి బస్తర్ రాజాస్థానం ఏళ్లకు పేర్లు పెట్టుకున్నది మనలాగే. అందులో ఆశ్చర్యం లేదు. అక్కడికి దగ్గర్లోనే, బార్సూర్‌లో, 1060 నాటి తెలుగు శాసనమే దొరికింది.

ఇంతకీ ఈ అరవై ఎక్కడిది? గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది, శనికి 29.46 ఏళ్లు. గురుడివి అయిదు చుట్లు, శనివి రెండు, సుమారుగా అరవై ఏళ్ల దగ్గర కలుస్తాయి. వేగంగా నడిచే గురుడు నెమ్మదిగా సాగే శనిని దాదాపు 19.86 ఏళ్లకోసారి అందుకుంటాడు. ప్రతి కలయికా ఇంచుమించు ఎనిమిది రాశులు ముందుకు జరుగుతుంది. 1961లో మకరం, 1981లో కన్య, 2000లో మేషం, 2020లో మళ్లీ మకరం. మూడు కలయికలకు వృత్తం పూర్తవుతుంది. 1961 ఫిబ్రవరిలో వాళ్లిద్దరూ కలిసింది శార్వరి నామ సంవత్సరంలో, ఉత్తరాషాఢలో. 2020 డిసెంబర్ 21న కలిసిందీ శార్వరిలోనే, ఉత్తరాషాఢలోనే. దూరదర్శిని లేని కాలంలో, తరం వెంట తరం ఆకాశాన్ని చూసి, చూసింది గుర్తుపెట్టుకుని ఈ లయను పట్టుకున్నవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

యుతి అంటే ఇక్కణ్ణుంచి చూసేవాళ్లకు కనిపించే చేరువే. 2020 డిసెంబర్‌లో ఆ రెండింటి మధ్య ఎడం చంద్రబింబపు వెడల్పులో అయిదో వంతు మాత్రమే. నిజానికి అప్పుడు గురుడు మనకు దాదాపు 89 కోట్ల కిలోమీటర్ల దూరంలో, శని 162 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. గురుడికీ శనికీ మధ్య ఇంకా 73 కోట్ల కిలోమీటర్ల శూన్యం ఉంది.

మన పూర్వులు ఈ విషయాన్ని రెండు దారుల్లో చూశారు. సూర్యసిద్ధాంతంలో ఏడో అధ్యాయం గ్రహయుత్యధికారం. ఏ రెండు గ్రహాలు ఎప్పుడు, ఎంత ఎడంతో కలుస్తాయో లెక్కగట్టే గణితమది. వరాహమిహిరుడి బృహత్సంహితలోని గ్రహయుద్ధాధ్యాయం ఆ కలయికకు ఫలం చెబుతుంది. మొదటి దారిలో చెప్పింది తప్పయితే ఆకాశమే దిద్దుతుంది, గణితజ్ఞుడు లెక్క సవరించుకుంటాడు. రెండో దారికి ఆ దిద్దుబాటు అందదు. 2020 నాటి యుతినే తీసుకోండి. మకరం శనికి స్వక్షేత్రం, గురుడికి నీచ. గురుబలం తగ్గింది కాబట్టి కష్టకాలమని ఒకరు చెప్పొచ్చు. రాశ్యధిపతి పక్కనే ఉన్నాడు కాబట్టి నీచభంగమై మేలు జరుగుతుందని ఇంకొకరు చెప్పొచ్చు. ఎడం డిగ్రీలోపే ఉంది కాబట్టి గ్రహయుద్ధమని మూడోవారు చెప్పొచ్చు. ముగ్గురూ శాస్త్రం ప్రకారమే మాట్లాడినట్టు. ఏం జరిగినా ఎవరో ఒకరి మాట నెగ్గుతుంది.

బస్తర్ చరిత్రలో ఈ ఫలం చెప్పే దారికి గట్టి పరీక్షే ఉంది. గురు శనులు కలిసింది 1961 ఫిబ్రవరి 18-19 తేదీల్లో. దానికి వారం ముందే బస్తర్ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌ను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. మర్నాడే కేంద్రం ఆయనకు రాజుగా ఉన్న గుర్తింపును తీసేసి తమ్ముడికి ఇచ్చింది. మార్చి 31న, ఆయన్ని విడిచిపెట్టమని లోహండీగుడాలో గుమిగూడిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. రాజును నమ్ముకున్న జనం, మకరంలో గురు శనులు! ఇంతకంటే బాగా కుదిరిన ఉదాహరణ ఏ జ్యోతిష్కుడికీ దొరకదు.

అయితే 1966 మార్చి 25 సంగతేమిటి? ఆ రోజు జగ్దల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ప్రవీర్ చంద్రే చనిపోయాడు. ఆయనతోపాటు ఆదివాసులూ నేలకొరిగారు. బస్తర్ ఇప్పటికీ మరచిపోని దుఃఖం అది. ఆ రోజు గురుడికీ శనికీ మధ్య ఆకాశంలో దాదాపు 90 డిగ్రీల ఎడం ఉంది, యుతి లేదు. దృష్టో, దశో చూపించి దీనికీ కారణం చెప్పొచ్చు. ఏడు గ్రహాలు, రెండు ఛాయాగ్రహాలు, పన్నెండు రాశులు ఉన్నప్పుడు ఏదో ఒక సంబంధం దొరకని రోజంటూ ఉండదు. కానీ ఆ చావులకు కారణాలు నేలమీదే ఉన్నాయి, వాటిని అడగడం మానకూడదు. జనం మాట వినని పాలన, రాజుకీ ప్రభుత్వానికీ మధ్య పెరిగిన వైరం, పేలిన తుపాకులు. గ్రహాల మీదికి నెడితే ఇవన్నీ జవాబు చెప్పకుండానే తప్పించుకుంటాయి.

మధ్యలో 1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి వచ్చింది. రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శని, కేతువులు ఎనిమిదీ మకరంలో చేరాయి. ప్రళయం తప్పదని దేశమంతా యజ్ఞాలు చేసింది. ఫిబ్రవరి 5న సంపూర్ణ సూర్యగ్రహణం పసిఫిక్ ప్రాంతంలో కనిపించింది. భూమికి ఏమీ కాలేదు. కావడానికి మార్గమూ లేదు. శుక్రుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా సముద్రం మీద అతడి లాగుడు చంద్రుడి ఆటుపోటు శక్తిలో సుమారు 20,000వ వంతే. గురుడిది అంతకంటే చాలా తక్కువ. రవిని పక్కన పెడితే, మిగతా గ్రహాలన్నీ ఒకే వైపు చేరి కలిపి లాగినా చంద్రుడి ముందు లెక్కలోకి రావు.

ఇక 1961, 2020 యుతుల శార్వరి జంట ఎల్లకాలం నిలవదు. మూడు యుతులకు పట్టేది నికరంగా అరవై ఏళ్లు కాదు, సగటున 59.6 ఏళ్లు. అంటే అరవై ఏళ్లకోసారి అయిదు నెలల తేడా. 2080లో ఆ తేడా బయటపడుతుంది. మార్చి 15న గురు శనులు మళ్లీ మకరంలోనే, 2020లో కలిసినంత దగ్గరగానే కలుస్తారు. కానీ అప్పటికి శార్వరి మొదలు కాదు. ఉగాదికి ఇంకా వారం ఉంటుంది కాబట్టి, ఆ యుతి వికారి చివరి రోజుల్లో పడుతుంది. నక్షత్రమూ ఉత్తరాషాఢ కాదు, శ్రవణం.

అంతకంటే ముందు 2040 ఉంది. ఆ ఏడు అక్టోబర్ ఆఖరున, తెల్లవారక ముందు, తూర్పున కిందుగా, చిత్తా నక్షత్రానికి చేరువలో, కన్యారాశిలో ఇద్దరూ డిగ్రీకి కాస్త ఎక్కువ ఎడంతో కనిపిస్తారు. పట్నాల దీపాల వెలుగు చేరని బస్తర్‌లోని ఇంద్రావతి నది ఒడ్డున తూర్పు దిక్కు తెరిపిగా ఉన్న చోటు చూసుకుని నిలబడితే చాలు. వట్టి కళ్లతోనే చూడొచ్చు.