నేల మీద పిట్టపిల్ల కనిపిస్తే

మా వారికి ఢిల్లీ బదిలీ అయ్యాక ఇందిరాపురంలో మొదటి అంతస్తు ఫ్లాట్‌లో దిగాం. పెరడు లేదు, బాల్కనీ కుండీలే మా తోట. మొదటి వేసవిలోనే అక్కడ తీగల మధ్య పిగిలిపిట్టలు గూడు కట్టాయి. ఇక్కడివాళ్ళు బుల్‌బుల్ అంటారు. ఒక మధ్యాహ్నం ఓ పిల్ల కింద కనిపించింది. అయ్యో పాపమని నేనూ మా అమ్మాయీ లోపలికి తెచ్చి, ఇంకు ఫిల్లరుతో పాలు పట్టాం. తెల్లారేసరికి చచ్చిపోయింది. అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మా తప్పులు తర్వాత తెలిశాయి. పాలు పక్షులకు అరగవు. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. పక్షికి ఊపిరి గొట్టం నాలుక వెనకే తెరుచుకుంటుంది. మనం నోట్లో పోసిన చుక్క అటే పోవచ్చు, మంచినీళ్ళైనా సరే. పిల్లకు కావలసిన తడి తల్లి తెచ్చే పురుగుల్లోనే ఉంటుంది.

అసలు దాన్ని తేవలసిన పనే లేదు. ఒంటి నిండా ఈకలు, పొట్టి తోక, నేల మీద గెంతులు ఉన్నాయంటే అది గూడు వదిలే వయసు. పిగిలిపిట్ట పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన రెండు వారాల్లోపే, ఎగరడం బాగా రాకముందే బయటికొస్తాయి. తల్లీ తండ్రీ దగ్గర్లోనే ఉండి మేత పెడతాయి. మనం ఎదురుగా నిలబడితే మాత్రం రావు! కాబట్టి పిల్లి అందుకోలేని చోట నీడలో పెట్టి, తలుపేసుకుని, లోపలి నుంచి ఓ గంట చూడాలి.

ఈకలు రాని పిల్లయితే తిరిగి గూట్లో పెట్టేయడమే. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని మా అమ్మమ్మ గట్టిగా చెప్పేది. అది నిజం కాదు.

రెక్క వేలాడినా, రక్తం కారినా, పిల్లి నోట పడినా వైద్యం కావాలి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, మేతా నీళ్ళూ పెట్టకుండా, చీకటిగా ఉంచి తీసుకెళ్ళాలి. చాందినీచౌక్‌లో ఎర్రకోట ఎదురుగా జైన లాల్ మందిర్‌లో పక్షుల ధర్మాసుపత్రి ఉంది. ముద్దుగా ఉందని ఇంట్లోనే పెంచుకుందామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

కిందటి ఏడు మళ్ళీ ఒక పిల్ల దిగింది. ఈసారి తులసి కుండీలో పెట్టి తలుపేశాం. అమ్మాయి కర్టెన్ వెనక కూర్చుని లెక్క రాసింది: గంటలో ఏడుసార్లు మేత. మూడో రోజు పొద్దున చూస్తే కుండీ ఖాళీ. వేపచెట్టు మీద నుంచి అరుపులు వినిపించాయి.