పది మైక్రాన్ల చల్లదనం

ఎండలు ముదరగానే ఆన్‌లైన్‌లో ఒక కిట్టు తెగ అమ్ముడవుతుంది. పది మీటర్ల సన్నటి నల్ల పైపు, పది ఇత్తడి నాజిళ్లు, కుళాయికి తగిలించే ఒక జాయింటు. బొమ్మలో వరండా అంతా మంచు కమ్మేసినట్టుంటుంది. తీరా తెచ్చి మన కుళాయికి బిగిస్తే నాజిల్ కొసన బొట్టు వేలాడి, కాసేపటికి టప్పున నేల మీద పడుతుంది. కిట్టులో లోపమేమీ లేదు. వీధి పైపులోనే 3, 4 బార్ల ఒత్తిడి ఉండే ఊళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకది. మనకు నీళ్లు దిగేది డాబా మీది ట్యాంకు నుంచి. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కన్నా 10 మీటర్లు ఎత్తున ఉంటే దక్కేది ఒక్క బారు. ఒకంతస్తు ఇంట్లో ఆ ఎత్తు నాలుగైదు మీటర్లు, అంటే అర బారు కూడా గగనమే. పదంతస్తుల అపార్టుమెంటులో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకైతే అదే కిట్టు చక్కగా పనిచేస్తుంది, మధ్యలో ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టకపోతే.

కాబట్టి మిస్టింగ్ ఏర్పాటును సొంతంగా బిగించుకోవాలా, కంపెనీ సెట్టు కొనాలా అని లెక్కలు వేసేవాళ్లు ముందు పంపు సంగతి చూడాలి. పైపులు, క్లిప్పులు, కనెక్టర్లు ఎవరైనా బిగించగలరు. తుంపర ఎంత సన్నగా వస్తుందన్నది మాత్రం ఒత్తిడి మీద ఆధారపడుతుంది, మిగతా ఫలితమంతా ఆ సన్నదనం మీద.

లీటరు నీటిని 100 మైక్రాన్ల బిందువులుగా చెదరగొడితే వాటి ఉపరితలం మొత్తం 60 చదరపు మీటర్లు, అంటే 70 గజాల పైచిలుకు. అదే లీటరును 10 మైక్రాన్ల బిందువులు చేస్తే 700 గజాలు దాటుతుంది. ఆవిరయ్యే సమయంలో తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే అది వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. బాగా పొడిగా ఉన్న ఎండలో 100 మైక్రాన్ల బిందువు ఆవిరి కావడానికి అయిదారు సెకన్లు కావాలి. ఈలోగా అది సెకనుకు పాతిక సెంటీమీటర్ల చొప్పున దిగి, కింద కుర్చీలో కూర్చున్నవాళ్ల నెత్తి తడుపుతుంది. పది మైక్రాన్లది సెకనులో పదోవంతు కూడా నిలవదు, పుట్టినచోటే మాయమవుతుంది.

అలా మాయమైన ప్రతి లీటరూ గాలి నుంచి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని లాగేస్తుంది. గంటకు 8 లీటర్లు పూర్తిగా ఆవిరైతే టన్నున్నర ఏసీ చేసే పనికి సమానం. ఆరుబయట ఆ చల్లదనంలో చాలా భాగాన్ని గాలి ఎత్తుకుపోతుందనుకోండి. ఆవిరి కాకుండా గచ్చు మీద పడ్డ నీళ్లు ఈ లెక్కలోకే రావు.

మొక్కల సంగతి వేరు. కొత్తగా నాటిన కొమ్మకు వేర్లుండవు. ఆకు నుంచి పోయే నీటిని కింది నుంచి భర్తీ చేసుకోలేదు, అందుకని ఆకు మీద పల్చటి నీటిపొర నిలవాలి. ఇక్కడ లావు తుంపరే మేలు. కడియం వైపు నర్సరీ నడిపేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. డాబా మీద షేడ్ నెట్ కింద ఫెర్న్లు, ఆర్కిడ్లు పెంచేవాళ్లు ఇందుకోసం కంపెనీ సెట్టు కొనడం డబ్బు దండగ. వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేసే షాపులో దొరికే 24 వోల్టుల బూస్టర్ పంపు, దాని అడాప్టర్, పావు అంగుళం పైపు, నాలుగైదు నాజిళ్లు, సెకన్లలో సెట్ చేసుకునే సైక్లిక్ టైమరు ఉంటే చాలు. ఆ పంపు అయిదారు బార్లు ఇస్తుంది. అయితే ఏకధాటిగా నడపడానికి చేసింది కాదు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడెక్కుతుంది. పది సెకన్లు కొట్టి కొన్ని నిమిషాలు ఆగేలా టైమరు పెడితే మొక్కలకూ అదే మంచిది, పంపుకూ అదే మంచిది.

మనుషులు కూర్చునే చోటుకు మాత్రం 70 బార్ల దాకా ఇచ్చే పంపు కావాలి, దాన్ని కొనడమే నయం. కారు కడిగే ప్రెజర్ వాషర్‌కు నాజిళ్లు తగిలించి చూసేవాళ్లున్నారు. అది గంటల తరబడి నడిచే యంత్రం కాదు. పైగా ఇంట్లో వాడే ప్లాస్టిక్ కనెక్టర్లు ఆ ఒత్తిడికి ఊడి ఎగిరిపోతాయి. అంత ఒత్తిడిలో పైపుకు సన్నటి చిల్లు పడితే, అందులోంచి చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పంపు, దానికి తగ్గ గొట్టాలు కొనండి. స్తంభాలకు బిగించడం, ఫిల్టర్ పెట్టడం, టైమరు కలపడం మీరే చేసుకోవచ్చు.

ఇక నీళ్లు. నాజిల్ రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన బోరునీళ్లలోని సున్నం దాన్ని ఒక్క సీజనులో పూడ్చేస్తుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే తెరుచుకుంటుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని ఇందులో పోయకండి, లవణాలన్నీ చిక్కబడి ఉండేది అందులోనే. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అయినా మనుషుల మీదికి కొట్టే తుంపరకు అవి పనికిరావు.

ఎందుకో 1989లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో తెలిసింది. బొగలూసా అనే ఊళ్లో పలువురికి ఒక రకం న్యుమోనియా సోకింది. ఆరా తీస్తే, కిరాణా దుకాణంలో కూరగాయలు వాడిపోకుండా తుంపర చల్లే యంత్రం దగ్గర తేలింది. గోరువెచ్చగా నిల్వ ఉన్న నీటిలో పెరిగే లెజియోనెల్లా బ్యాక్టీరియా ఆ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరింది. మే నెలలో డాబా మీద నల్ల బకెట్టులో మూడు రోజులు నిలిచిన నీళ్లు దానికి పుట్టిల్లు లాంటివి. తుంపర ఎంత సన్ననైతే అంత లోతుకు వెళుతుంది కాబట్టి ఖరీదైన సెట్టుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ట్యాంకు మూత పెట్టాలి, రోజూ కొత్త నీళ్లు పోయాలి, ఆపేటప్పుడు పైపు ఖాళీ చేయాలి.

ఇంత చేసినా గాలి ఒప్పుకోవాలి. కొనేముందు ఒక థర్మామీటరు మొనకు తడి నూలుగుడ్డ చుట్టి, నీడలో ఫ్యాను ముందు పది నిమిషాలు పెట్టి చూడండి. అది ఎక్కడ ఆగుతుందో అంతకన్నా కిందికి ఏ తుంపరా గాలిని చల్లబరచలేదు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న తెలంగాణ మధ్యాహ్నం అది 23 దగ్గరికి వస్తుంది. 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న కోస్తా ఉక్కపోతలో 29 దగ్గరే ఆగిపోతుంది. కోస్తాలో ఒకే రోజు రెండూ చూడొచ్చు. పడమటి గాలి కొట్టినంతసేపు తుంపర హాయి, సముద్రపు గాలి తిరిగాక ఒళ్లంతా జిడ్డు. కోళ్ల షెడ్డులో ఇది జిడ్డుతో పోదు. కోడికి చెమట పట్టదు, రొప్పి వేడి వదులుకుంటుంది, గాలి తేమతో నిండితే రొప్పినా ప్రయోజనం ఉండదు. అందుకే షెడ్డులో ఫాగర్లు పెట్టేవాళ్లు ఫ్యాన్లూ పెట్టాలి, టైమరు ఒక్కటే నమ్ముకోకుండా తేమ 70 శాతం దాటగానే పంపును ఆపేసే సెన్సరు కూడా కలపాలి.