పీపా ఘాటు, గ్లాసులో నీళ్ళు

అమెరికాలోని కెంటకీలో హెవెన్ హిల్ కంపెనీ ‘ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్’ అనే బర్బన్ విస్కీని ఏడాదికి మూడు విడతలుగా విడుదల చేస్తుంది. ఏ సీసా ఏ విడతదో లేబుల్ మీది గుర్తే చెబుతుంది. ‘సి923’ అంటే 2023 సెప్టెంబరులో వచ్చిన మూడో విడత. దాని వయసు 13 ఏళ్ళ 7 నెలలు, ఆల్కహాలు 66.5 శాతం. మన దగ్గర విస్కీ సీసాల మీద మామూలుగా కనిపించే అంకె 42.8. ఇంత తేడా ఎందుకు?

పీపాలోంచి తీసినప్పుడు మామూలు విస్కీ కూడా ఘాటుగానే ఉంటుంది. సీసాల్లో నింపే ముందు నీళ్ళు కలిపి ఆ ఘాటు తగ్గిస్తారు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌లో 40 శాతం ఆల్కహాలు ఉంటే చాలు. బ్యారెల్ ప్రూఫ్ అని రాసుకున్న సీసాలో మాత్రం పీపాలో ఉన్న ఘాటు దాదాపు అలాగే ఉండాలి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. బర్బన్‌ను పీపాలో పోసేటప్పుడు 62.5 శాతానికి మించకూడదని అదే చట్టం చెబుతుంది. మరి 66.5 ఎలా అయింది? జవాబు గోదాముల్లో ఉంది. కెంటకీలో పీపాలను అంతస్తుల మీద అంతస్తులుగా పేర్చి ఏళ్ళ తరబడి ఉంచుతారు. నీరూ ఆల్కహాలూ రెండూ చెక్కలోంచి కొద్దికొద్దిగా ఆవిరవుతుంటాయి. పై అంతస్తుల్లో వేడెక్కువ, తేమ తక్కువ. అక్కడ నీరే త్వరగా పోతుంది కాబట్టి మిగిలినదాని ఘాటు పెరుగుతుంది. కింద, చల్లగా తేమగా ఉన్నచోట పెరుగుదల తక్కువ, ఒక్కోసారి ఘాటు తగ్గుతుంది కూడా. చాలా పీపాల సరుకును కలిపి ఒక విడత తయారుచేస్తారు. అందుకే విడత మారితే సాధారణంగా అంకె మారుతుంది, రుచీ మారుతుంది.

బర్బన్‌కు లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలి. వెనిల్లా, కారమెల్ వాసనలు ఎక్కువగా ఆ చెక్క నుంచే వస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వగరు కూడా దిగుతుంది.

ఇక రుచి చూడటం. గ్లాసును ముక్కుకు ఆనించి గట్టిగా పీలిస్తే ఆల్కహాలు ముక్కును మొద్దుబారుస్తుంది. కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా వాసన చూడాలి. మొదటి గుక్క చెంచాలో సగం చాలు. అది మండటమే తప్ప రుచి తెలియకపోవచ్చు. మిరపకాయ కారాన్ని పసిగట్టే నరాల కొసలనే ఆల్కహాలు కూడా రెచ్చగొడుతుంది. కాసేపాగి రెండో గుక్క వేస్తే అసలు రుచి తెలుస్తుంది.

ఆ తర్వాత నీళ్ళు కలపాలి. విస్కీలో పొగవాసననిచ్చే పదార్థాల్లో గ్వాయకాల్ ఒకటి. 2017లో స్వీడన్‌కు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు దాని నడకను కంప్యూటర్ నమూనాలో పరిశీలించారు. ఆల్కహాలు 45 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు అది ద్రవం పైపొరకు చేరుతోంది. 59 శాతం దాటితే ఆల్కహాలు అణువులు దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తున్నాయి. పైకొస్తేనే కదా ముక్కుకు అందేది!

కాబట్టి కొన్ని చుక్కలు వేసి రుచి చూడండి, మళ్ళీ కొన్ని వేయండి. 30 మిల్లీలీటర్లలో సుమారు 10 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపితే 66.5 శాతం దాదాపు 50కి దిగుతుంది. ఎక్కడ తీపి తేలుతుందో, ఎక్కడ రుచి పలచబడుతుందో మీ నాలుకే చెబుతుంది. మామూలు సీసాలో ఈ నిర్ణయం కంపెనీది. ఇక్కడ తాగేవాడిది. ఎక్కువ డబ్బు పెట్టి కొనేది నిజానికి ఈ వీలునే.

ఒక లెక్క మాత్రం మరవకూడదు. దీనిలో 30 మిల్లీలీటర్లు తాగితే 42.8 శాతం విస్కీ సుమారు 47 మిల్లీలీటర్లు తాగినంత. నీళ్ళు కలిపితే మంట తగ్గుతుంది కానీ ఒంట్లోకి వెళ్ళే ఆల్కహాలు తగ్గదు. గ్లాసులో పోసేటప్పుడే కొలత తగ్గించుకోవాలి.